ఏడు, పదిహేడు, నలభై ఏడు

లెక్కల మాస్టారి ఉద్యోగమంటే సుద్దముక్క, హాజరుపట్టీ, జవాబుపత్రాలు అని మీరు అనుకుంటూ ఉంటే తప్పు మీది కాదు. నేనూ అలాగే అనుకుని చేరాను. సూరత్‌లో ఒక కాలేజీలో ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పి, పరిశోధన చేసి, చేయించి, రెండేళ్ల క్రితం దిగిపోయాను. ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇంటికి వచ్చి, "సార్, ఈ పని అసలు ఎట్లుంటది?" అని అడుగుతున్నారు. టీ ఇప్పించి, తోచిన నాలుగు ముక్కలు చెప్పి పంపిస్తాను. వాళ్లు మెట్లు దిగాక, చెప్పవలసింది చెప్పలేదే అని నా మీద నాకే విసుగొస్తుంది. అందుకని కూర్చుని రాస్తున్నాను.

ప్రమోషన్లు, కమిటీలు, ఫైళ్లు ఇందులో ఉండవు. వాటిని తలచుకుంటే నాకు ఆవలింతలు వస్తాయి. ఇందులో ఎక్కువ భాగం నేను చేసిన ఒక తప్పు గురించి. ఒప్పుల గురించి చెప్పుకోవడానికి సన్మాన సభలు ఉండనే ఉన్నాయి.

మా నాన్న అడిగిన ప్రశ్న

మా నాన్న సిరిసిల్ల నుంచి బతుకుతెరువు కోసం సూరత్ వచ్చి, లింబాయత్‌లో ఒక కార్ఖానాలో సాంచలు నడిపాడు. కరెంటు మగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. ఆరు సాంచల మధ్య పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అటూ ఇటూ నడుస్తూనే ఉండేవాడు. నాకు కాలేజీలో ఉద్యోగం వచ్చిందనీ, పాఠాలతో పాటు పరిశోధన కూడా చేస్తాననీ చెబితే కాసేపు తల గోక్కున్నాడు.

"లెక్కలన్నీ ఎప్పుడో జేసి వెట్టిండ్రు గద రా. మళ్ల కొత్తగ మీరు జేసేదేంది?" అన్నాడు.

"ఇంకా తెల్వనియి శాన ఉన్నయి నాయినా. గవి తెలుసుకునుడే పని."

"తెలుస్తయా మరి?"

"ఒక్కోపారి తెలుస్తయి. ఎక్కువపార్లు తెల్వయ్."

"తెల్వకున్నా జీతమిస్తరా?"

"ఇస్తరు."

"అయితే జర గట్టిగ వట్టుకోరా గీ నౌకరీ," అన్నాడు.

ఆయన ఎగతాళికి అనలేదు. పని స్వభావం ఆయనకు నాకంటే ముందే అర్థమైంది. నెలలో ఇరవై రోజులు ఏమీ తేలదు. కాగితాలు నింపుతాం, నలిపి పారేస్తాం. ఇరవై ఒకటో రోజు ఏదో తేలినట్టు అనిపిస్తుంది, మరునాటికి అది కూడా తప్పని తెలుస్తుంది. ఇది భరించలేనివాళ్లు వేరే పని చూసుకోవడం మంచిది. భరించగలిగితే మాత్రం ఇంత సరదా అయిన బతుకు ఇంకొకటి ఉండదు. నేను ముప్పై నాలుగేళ్లలో ఒక్క సోమవారం కూడా ఏడుస్తూ కాలేజీకి వెళ్లలేదు.

దేశాయి సార్ చీటీ

నా మొదటి బాస్, నాకు పరిశోధన నేర్పిన గైడ్, ఇద్దరూ దేశాయి సారే. సన్నగా, పొడుగ్గా, మెడలో ఎప్పుడూ ఒక తువ్వాలుతో ఉండేవారు. ఆయన బల్ల మీద బస్ టికెట్టంత చీటీల కట్ట ఒకటి ఉండేది. ఎవరైనా పెద్ద సిద్ధాంతం సాధించామంటూ ఉరుకులు పరుగుల మీద వస్తే ఒక చీటీ తీసి ముందుకు తోసేవారు.

"పెహలే ఛోటా ఉదాహరణ్. ఇస్‌మే లిఖో," అనేవారు.

ముందు చిన్న ఉదాహరణ, అదీ ఆ చీటీలో పట్టేంత. పట్టకపోతే వినేవారు కాదు. కాగితం పొదుపు చేస్తున్నాడని మేం వెనక నవ్వుకునేవాళ్లం.

ఆయన గొప్ప మనసున్న మనిషి అని మాత్రం చెప్పను. నేను రాసిన మొదటి రెండు వ్యాసాల మీద తన పేరు ముందు వేసుకున్నారు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజుల్లో మేం బతికే ఉన్నామన్న సంగతి కూడా ఆయనకు గుర్తుండేది కాదు. అయినా ఆ చీటీల అలవాటు ఒక్కటి నేను ఆయన దగ్గర సరిగ్గా నేర్చుకుని ఉంటే, ఈ వ్యాసం రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

నేర్చుకోలేదు. ఆయన రిటైరయ్యాక నేను గైడ్‌ని అయ్యాను. నలుగురూ 'సార్ సార్' అంటుంటే చీటీలు మన స్థాయికి తగవనిపించింది. వాటికి బదులు నాకు ఇంకో అలవాటు పట్టుకుంది. ఏదైనా మెట్టుకు రుజువు రాయడానికి బద్ధకం వేస్తే పక్కన 'స్పష్టం' అని రాసేవాణ్ణి. మీకు ఒక సలహా ఇస్తాను, ఉచితమే. ఎవరి రాతలోనైనా ఆ మాట కనిపిస్తే అక్కడ ఆగి, కుర్చీ లాక్కుని కూర్చోండి. రాసినవాడు అక్కడ ఏదో దాటవేస్తున్నాడు.

గుంపు ఎంత పెరుగుతుంది

నేను ఇన్నేళ్లు పట్టుకు వేలాడిన విషయం ఏమిటో చెబుతాను. భయపడకండి, కూడిక వస్తే చాలు.

ఒకటి నుంచి పది దాకా సంఖ్యలు తీసుకోండి. వాటిలో ఏ రెంటినైనా కూడండి. ఒకే సంఖ్యను రెండుసార్లు తీసుకున్నా సరే. రెండు నుంచి ఇరవై దాకా, మొత్తం పంతొమ్మిది జవాబులే వస్తాయి. ఇప్పుడు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ రెట్టింపు చేసుకుంటూ పది సంఖ్యలు తీసుకుని అదే పని చేయండి. యాభై అయిదు జవాబులు వస్తాయి. రెండు గుంపుల్లోనూ ఉన్నవి పదే. ఒకటి నెమ్మదిగా పెరిగింది, రెండోది విచ్చలవిడిగా పెరిగింది. నెమ్మదిగా పెరిగే గుంపులో ఏదో ఒక క్రమం దాగి ఉంటుంది. ఎంత పెరిగిందో మాత్రమే చూసి, లోపల దాగిన క్రమాన్ని పట్టుకోవడం మా పని.

సంఖ్యల లోకంలో ఒక చక్కని సదుపాయం ఉంది. రెండేసి కూడినప్పుడు గుంపు పెద్దగా పెరగలేదంటే, మూడేసి కూడినా, నాలుగేసి కూడినా అదుపులోనే ఉంటుంది. ఈ రుజువు మొదటిసారి చదివినప్పుడు నాకు ఆకలి కూడా వేయలేదు. మా ఆవిడ పద్మ రెండుసార్లు అన్నానికి పిలిచి, మూడోసారి లైటు ఆర్పేసింది.

తరవాత వరస ముఖ్యమైన చోట్లకు వెళ్లాను. మూడూ అయిదూ కలిపినా, అయిదూ మూడూ కలిపినా ఎనిమిదే. కానీ బట్టకు ముందు ముడులు వేసి రంగులో ముంచితే చుక్కల బాంధనీ అవుతుంది. ముందు రంగులో ముంచి తరవాత ముడులు వేస్తే ముడతలు మిగులుతాయి. పనులు అవే, వరస మారింది. ఇలా ఒక పని తరవాత ఇంకో పని చేయడమే కూడిక అనుకుంటే, వరస మారినప్పుడు జవాబు మారే లోకం ఒకటి తయారవుతుంది. గణితంలో దాన్ని వినిమయం కాని సమూహం అంటారు. అక్కడ కూడా అదే ప్రశ్న. ఒక గుంపు పనులు తీసుకుని రెండేసి వరసగా చేస్తే ఎన్ని రకాల ఫలితాలు? మూడేసి చేస్తే ఎన్ని?

ఆ లోకం గురించి నేను ఒక వ్యాసం రాశాను. దాని మధ్యలో ఒక లెమ్మా, అంటే మిగతా వాదనకు ఆసరాగా నిలిచే చిన్న వాక్యం, ఉంది. రెండేసికి పెద్దగా పెరగని గుంపు మూడేసికీ పెద్దగా పెరగదు అని. సంఖ్యల్లో నిజం కదా, ఇక్కడెందుకు కాదు అనుకున్నాను. పక్కన 'స్పష్టం' అని రాశాను. వ్యాసం ఒక చిన్న పత్రికలో అచ్చయింది. ఎనిమిదేళ్లు ఎవరూ ఏమీ అనలేదు. చదివినవాళ్లు లేరు గనక పట్టుకున్నవాళ్లూ లేరు.

మౌనిక

నా చివరి విద్యార్థిని మౌనిక. పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే. వాళ్ల నాన్న రాజేశం సాంచల మీద పనిచేస్తాడు. వాళ్లమ్మ ఇంట్లో చీరలకు స్టోన్ పని చేస్తుంది, అంటే మార్కెట్ నుంచి వచ్చిన చీరలకు మెరిసే రాళ్లు అతికించి వెనక్కి పంపడం. వాళ్ల కుటుంబం అద్దె తక్కువని ఊరి బయట కామ్‌రేజ్‌కు మారింది. పిల్ల రోజూ అక్కణ్ణుంచి బస్సులో వచ్చేది. నాతో తెలుగు, తోటి పిల్లలతో హిందీ, క్యాంటీన్లో గుజరాతీ. కోపం వస్తే మూడూ కలిపి మాట్లాడేది.

ఆమె థీసిస్ అయిదేళ్ల పని. నెమ్మదిగా పెరిగే గుంపుల ఆకారం ఎలా ఉంటుంది అన్నదే విషయం. బార్డోలీలో ఒక కాలేజీవాళ్లు ఆమెకు ఉద్యోగం మాట ఇచ్చారు. జూన్‌లో కాలేజీ తెరిచేసరికి చేతిలో డాక్టరేట్ ఉండాలి, లేకపోతే జాబితాలో తరవాతి మనిషిని తీసుకుంటారు. జూన్‌కు అందాలంటే దీపావళి సెలవులకు ముందే థీసిస్ అప్పగించాలి. పరీక్షకులు చదవడానికి, వైవా పెట్టడానికి ఆ మాత్రం నెలలు పడతాయి. దీపావళి దాటితే జూన్ కూడా దాటిపోయినట్టే. ఆ ఇంట్లో నెలజీతం ఉద్యోగం ఇంతవరకు ఎవరికీ లేదు. రాజేశం అప్పటికే కార్ఖానాలో అందరికీ చెప్పుకున్నాడు.

థీసిస్ పూర్తయింది. సోమవారం బైండింగుకు ఇస్తామనగా, ఆదివారం పొద్దున పదకొండింటికి మౌనిక మా ఇంటికి వచ్చింది. ముఖం చూస్తే రెండు రోజులుగా తిన్నట్టు లేదు.

"సార్, మీరు తిట్టనంటే ఒకటి అడుగుత," అంది.

"తిట్టనని చెప్ప. అడుగు."

"మీ లెమ్మా ఉన్నది గద, రెండేసికి పెరగకుంటే మూడేసికి పెరగదని. దాని ప్రూఫ్ థీసిస్‌ల పూరా రాద్దామని కూసున్న. రాలే. మూడు దినాల్సంది రాలే."

"గంత చిన్నదానికి మూడు దినాలా? అది స్పష్టమే గద!" అన్నాను. గొంతు కూడా కొంచెం పెంచాను. ఆ పిల్ల బెదరలేదు. వంటింటి వైపు తిరిగింది.

"ఆంటీ, ఆరు చీరలు ఇయ్యరా జర? ఒక్కోటి ఒక్కో రంగుది."

పద్మ బీరువా తెరిచి ఆరు చీరలు తెచ్చింది. తెచ్చింది గాని చేతికి ఇవ్వలేదు. "కట్టుకునేటందుకా, లెక్కలకా?" అని అడిగింది.

"లెక్కలకు ఆంటీ."

"అయితే మడత వోవద్దు బిడ్డా. ఇస్త్రీ చేయించినయి."

ఆరు చీరలు

మౌనిక బల్ల మీద చీరలను రెండు దొంతరలుగా పెట్టింది, ఎడమన మూడు, కుడిన మూడు.

"సార్, నా దగ్గర ఏడు పనులే ఉన్నయి. ఎడమ దొంతిల మూడు చీరల్ని ఎట్లంటే గట్ల మార్చి పేర్చొచ్చు. గవి ఆరు తీర్లు, ఉన్నది ఉన్నట్టు వదిలేసుడు గూడ కలిపి. ఏడోది, రెండు దొంతుల్ని అట్లనే లేపి జాగ మార్చుడు. అంతే. ఏడు."

"సరే."

"ఇప్పుడు రెండు పనులు వరసగ చేద్దాం. ఎడమ దొంతి రెండుపార్లు మారిస్తే మళ్ల గదే దొంతి, జాగ రెండుపార్లు మార్చినా మొదటికే, కొత్తది ఏం రాదు. ఆరు. జాగ మార్చి ఎడమది పేరిస్తే ఆరు, పేర్చినంక జాగ మారిస్తే ఆరు. ఉత్తగ జాగ మార్చుడు ఒకటి రెండిట్ల గూడ ఉంటది, దాన్ని ఒక్కపారే లెక్కవెడితే పదకొండు. ఆరు, పదకొండు, పదిహేడు. ఏడుకు పదిహేడు. మూడింతలు గూడ కాలే. నెమ్మదిగనే పెరిగినట్టు గద సార్?"

"పెరిగినట్టే."

"ఇగ మూడు పనులు." ఆమె ఎడమ దొంతరను మార్చి పేర్చింది. రెండు దొంతరలనూ ఎత్తి చోటు మార్చింది. ఇప్పుడు ఎడమకు వచ్చిన కొత్త దొంతరను మళ్లీ మార్చి పేర్చింది. "మొదట ఆరు తీర్లు, తర్వాత ఆరు తీర్లు. రెండు దొంతులు కలిసినయి. ఆరార్లు ముప్పై ఆరు. జాగ మారకుంట ఒక్క దొంతే మారేటియి, ఎడమయి గాని కుడియి గాని, ఇంకో పదకొండు. మొత్తం నలభై ఏడు."

నేను వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకున్నాను, నలభై ఏడే.

"మూడు మూడు కాదు సార్, అయిదు అయిదు చీరలు వెడితే నూట ఇరవై ఒకటి పనులు. రెండేసికి మూడు వందల యాభై తొమ్మిది. అది గూడ మూడింతల లోపే. మూడేసికి పద్నాలుగు వేల ఆరు వందల ముప్పై తొమ్మిది. చీరలు పెంచుకుంట వోతే అట్లనే వోతది, ఆగది. మతలబ్..." అని ఆగింది.

మతలబ్ ఏమిటో చెప్పనక్కరలేదు. రెండేసికి అదుపులో ఉన్న గుంపు మూడేసికి కట్టు తెంచుకుంది. నా లెమ్మా తప్పు. వరస ముఖ్యం కాని లోకంలో నిజమైనదాన్ని తెచ్చి, వరసే ప్రాణమైన లోకంలో పెట్టి, 'స్పష్టం' అని సంతకం పెట్టాను. దేశాయి సార్ చీటీలో ఈ ఉదాహరణ పట్టి, ఇంకా సగం జాగా మిగులుతుంది.

మీకు నమ్మకం కలగకపోవచ్చు గాని, నాకు ముందు వచ్చింది నవ్వు. అంత అందంగా ఉంది ఆ ఉదాహరణ. గట్టిగా నవ్వాను. పద్మ కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే. మౌనిక మాత్రం నవ్వలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు గాని నాకు బుర్రకెక్కలేదు. ఆమె థీసిస్‌లో మూడు అధ్యాయాలు ఈ లెమ్మా మీదే నిలబడి ఉన్నాయి. దీపావళి సెలవులకు పంతొమ్మిది రోజులే ఉన్నాయి.

సాంచ ఆపడం

ఇక్కడ నేను చేసిన రెండో తప్పు చెప్పాలి. మొదటిది తెలియక చేసింది. ఇది తెలిసి చేయబోయింది.

మరునాడు మా శాఖాధిపతితో సంగతి చెప్పాను. ఆయన నాకంటే చిన్నవాడు, మంచివాడు, అందరి పనులూ అయిపోవాలని కోరుకునే మనిషి. తలుపు దగ్గరగా వేసి, "జానే దో సాబ్," అన్నాడు. వదిలేయండి, అచ్చయిన లెమ్మానే కదా, పరీక్షకులు దాన్ని తవ్వరు, పిల్ల ఉద్యోగం పోగొట్టకండి, డిగ్రీ వచ్చాక తీరిగ్గా సవరణ పంపుకోవచ్చు అన్నాడు. ఆయన మాటల్లో దురుద్దేశం లేదు. నాకూ సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే హాయిగా తోచింది, ఎందుకంటే పోయేది నా పరువు కూడా.

సాయంత్రం మౌనికను కూర్చోబెట్టి అదే మాట చెప్పాను. "ముందుగాల ఇచ్చేద్దాం బిడ్డా. తర్వాత సవరిద్దాం."

ఆ పిల్ల బల్ల అంచు గోకుతూ వింది. తరవాత తలెత్తింది.

"సార్, మా అమ్మ వెట్టిన స్టోన్ ఒక్కటి ఊడినా పీస్ వాపస్ వస్తది. ఎవ్వలు సూడరని మా అమ్మ ఎన్నడు వదిలిపెట్టలే. మా నాయిన పోగు తెగంగనే సాంచ బంద్ చేస్తడు. నేను తప్పని తెలిసినంక గూడ గిది ఎట్ల ఇస్త?"

"నౌకరీ వోతే?"

"వోతే వోయె." అంది, బల్ల మీది కాగితాలు తన వైపు లాక్కుంటూ. "గని వోకుంట చూద్దాం సార్. ఇంక పద్దెనిమిది దినాలున్నయి."

సిగ్గు పడ్డాను. మా నాన్న కూడా అలాగే పోగు తెగిన క్షణంలో సాంచ ఆపేవాడు. నడవనిస్తే మీటర్లు పెరుగుతాయి, బట్ట పాడవుతుంది. ఆయన కొడుకుని, అరవయ్యేళ్లకు దగ్గరపడినవాణ్ణి, పాడైన బట్టను మడిచి ఇచ్చేద్దామని ఆడపిల్లకు సలహా ఇచ్చాను. ఆ సాయంత్రమే పత్రికవాళ్లకు ఉత్తరం రాశాను. నా వ్యాసంలో ఫలానా లెమ్మా తప్పు, పట్టుకున్నది నా విద్యార్థిని మౌనిక అని. శాఖాధిపతికి ఒక నకలు ఇచ్చాను. ఆయన చదివి, తల ఊపి, టీ తెప్పించాడు.

కామ్‌రేజ్ బస్సు

ఆ తరవాతి రెండు వారాలు నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే బాగున్న రోజులు. రోజూ మా ఇంట్లోనే పని. పద్మ చీరలు వెనక్కి తీసుకోలేదు, బల్ల మీదే వదిలేసింది. రోజుకొక దారి పట్టేవాళ్లం, సాయంత్రానికి అది గోడకు గుద్దుకునేది.

తొమ్మిదో రోజున మౌనిక చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా లోపలికి వచ్చింది.

"సార్, బస్సుల ఒకటి అనిపించింది. రెండు ఊర్ల మధ్యల దూరం ఎంతనో, నడుమ ఇంకో జాగల దిగి వోతే గంతకన్న తక్కువ అయితదా?"

"ఎట్లయితది? కామ్‌రేజ్‌కు నేరుగ వోయినా, నడుమ దిగి మళ్ల ఎక్కినా, తిరిగే దూరం పెరుగుడే గని తగ్గది."

"గుంపుల మధ్యల గూడ గట్ల దూరం కొలుస్తరు గద. అది వరస ముఖ్యమైన కాడ గూడ నిజమే గద!"

నిజమే. మా విషయంలో అందరికీ తెలిసిన కొలత అది. రెండు గుంపులను కలిపితే ఎంత పెరుగుతుందో చూసి, వాటి మధ్య దూరం ఇంత అంటాం. మధ్యలో మూడో గుంపు దగ్గర దిగితే దూరం తగ్గదు. వరస మారినా ఆ నియమం చెడదు.

"అయితే సార్, నాలుగేసి ఎంతనో తెల్వాలంటే, రెండేసి కాన్నుంచి రెండేసి కాడికి పోవాలె. నడుమ ఒక్కదాని కాడ దిగుదాం. అటు దిక్కు రెండు, ఒకటి కలిస్తే మూడు. ఇటు దిక్కు ఒకటి, రెండు కలిస్తే మూడు. మూడేసి తెలిస్తే నాలుగేసి వచ్చె! అయిదేసికి గూడ గిట్లనే దిగుకుంట పోవచ్చు!"

కాగితం మీద రాస్తే నాలుగు పంక్తులు. పని వెనక్కి తిప్పే వీలు కూడా గుంపులో ఉండాలి, అంతే షరతు. రెండేసి చూసి మూడేసిని నమ్మకూడదు. కానీ మూడేసిని ఒకసారి సరిచూసుకుంటే, ఆ పైన నాలుగు, అయిదు, వంద, అన్నీ అదుపులోకి వస్తాయి. మూడో మెట్టు ఎక్కితే మిగతావి వాటంతట అవే ఎక్కుతాయి. నేను లేచి నిలబడ్డాను. ఏం చేయాలో తోచక మౌనిక తల మీద చెయ్యి పెట్టి, వంటింట్లోకి వెళ్లి, ఈ విషయం పద్మకు మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఆమె పప్పు కలుపుతూ మొత్తం విని, "మంచిగయ్యింది. ఇగ నా చీరలు ఇయ్యుండ్రి," అంది.

ఇదే ఫలితం దూరదేశాల్లో ఎప్పుడో తెలుసుకున్నవాళ్లు ఉన్నారని తరవాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. ఆరు చీరల ప్రత్యుదాహరణ కూడా కొత్తది కాదు. మాకు ఏమాత్రం బాధ కలగలేదు. ఎవరూ చెప్పకుండా మనంతట మనం చేరుకున్న చోటు మనదే. మీకూ ఇలా జరుగుతుంది, అప్పుడు దిగులు పడకండి. థీసిస్‌లో వాళ్ల పేర్లు మర్యాదగా పెట్టి ముందుకు వెళ్లాం.

మూడు అధ్యాయాల్లో రెండు, 'రెండేసి' అన్న చోట 'మూడేసి' అని మార్చి సరిచూస్తే నిలబడ్డాయి. ఒకటి పూర్తిగా కూలిపోయింది. దాని స్థానంలో ఆరు చీరలు వచ్చాయి. చిత్తుప్రతిలో మౌనిక 'పూర్వపు వాదనలో చిన్న లోపం ఉంది' అని రాసింది. అది కొట్టేసి, 'గైడ్ లెమ్మా తప్పు' అని రాయమన్నాను. రాయనంది. గంటసేపు పోట్లాడాను. చివరకు 'తప్పు' అన్న మాట మాత్రం రాసింది, గైడ్ ఊసు తేలేదు. సెలవులకు రెండు రోజుల ముందు థీసిస్ అప్పగించాం.

వైవా

వైవా ఏప్రిల్‌లో పెట్టారు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. రాజేశం షిఫ్టు మానుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, భార్యతో వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఇంగ్లిషు రాదు, హిందీ బాగా వచ్చు.

బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్ద మనిషి. గంటసేపు ఇంగ్లిషులో అడగవలసినవన్నీ అడిగాడు. మౌనిక తడుముకోకుండా చెప్పింది. చివర ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, అందరికీ అర్థం కావాలనో ఏమో, హిందీలోకి దిగాడు. మీ గైడ్ అచ్చువేసిన వ్యాసం నేను చదివాను, ఇందులో మీరు దానికి సరిగ్గా ఎదురు రాశారు అన్నాడు.

"తో ఆప్ కే గైడ్ గలత్ హైఁ?"

మౌనిక నా వైపు చూసింది. నిండు సభలో సార్ తప్పు అనడం ఆమెకు అలవాటైన మాట కాదు. ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ నన్ను ఆ మాట అనలేదు. నేను తప్పులు చేయక కాదు. నేను తల ఊపాను.

"జీ సర్. గలత్ హైఁ," అంది.

తరవాత బోర్డు దగ్గరకు వెళ్లి మూడు అంకెలు రాసి, ఒక్కోటీ ఎలా వచ్చిందో చెప్పింది. ఏడు, పదిహేడు, నలభై ఏడు. పరీక్షకుడు బోర్డు మీది అంకెలు సరిచూసి నా వైపు తిరిగాడు. నేను లేచి, తప్పు నాదే, ఆమె చెప్పింది నిజం అని హిందీలోనే చెప్పాను. ఆయన ఒక్కసారిగా నవ్వేశాడు. చాలా ఏళ్లుగా తాను కూడా క్లాసులో ఇదే మాట నోటికొచ్చినట్టు చెప్పేస్తున్నాననీ, ఎవరూ అడ్డుకోలేదనీ చెప్పాడు. తరవాత ఇంగ్లిషులో నాలుగు మాటలు చెప్పి, మౌనికకు చెయ్యి అందించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా అరచేతులు మండేదాకా కొట్టాను.

వరండాలోకి వచ్చేసరికి రాజేశం నా కోసం నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ జోడించాడు.

"సార్, మాఫ్ చెయ్యుండ్రి. చిన్నపిల్ల, తెల్వక అన్నది. గంతమందిల మిమ్ముల తప్పన్నది. మీరు గూడ లేసి, తప్పు నాదే అంటిరి. నాకు పాణం వోయినంత పనాయె. గిప్పుడు డిగ్రీ ఇయ్యరా సార్? బార్డోలీ నౌకరీ పాయెనా?"

"ఇచ్చేసిండ్రు అన్నా. చప్పట్లు గందుకే. జూన్‌ల నౌకరీల చేరుతది."

"మరి మిమ్ముల తప్పన్నది గద?"

"గది అన్నందుకే ఇచ్చిండ్రు. నాకు ముప్పై నాలుగేండ్లు పట్టింది గీ మాట అనే పిల్ల దొరికేటందుకు."

ఆయన జోడించిన చేతులు దించాడు. తరవాత జేబులోంచి ఫోన్ తీసి, కార్ఖానాలో ఎవరికో చేసి, చెవిటివాడితో మాట్లాడుతున్నట్టు కేకవేశాడు. వరండాలో ఉన్న అందరూ తిరిగి చూశారు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా తెలియడం లేదు.

"అరే, ఇయ్యాల నేను రాత్రి షిఫ్టుకు గూడ రాను! మా పిల్ల డాక్టరయ్యింది! వాళ్ల సార్ చేసిన తప్పు వట్టింది, గందుకే ఇచ్చిండ్రు!"

ఆ మాటల్లో నేను దిద్దవలసింది ఏమీ కనిపించలేదు.